పాత ట్రాక్టర్ల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. ముందు మంచి మాట చెప్తా. నువ్వు పట్టుకున్న విషయం గొప్పది. బత్తాయి తోటల్లో పనిచేసి మూలకు పడ్డ చిన్న ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు, పాత ఐచర్లు, హెచ్ఎంటీలు. వాటిని తుక్కు కిందకి పోనీయకుండా తెచ్చుకుని, పార్టు పార్టూ విప్పి మళ్ళీ నడిపించుకుంటున్న మనుషులు. ఎద్దుల మీద మన దగ్గర బోలెడు కథలున్నాయి. ట్రాక్టరు మాత్రం మన కథల్లోకి ఎక్కువగా ఎద్దును వెళ్ళగొట్టిన శత్రువుగానే వచ్చింది. దాని మీద ఒక తరం మగపిల్లలు ఎంత ఆశ పెట్టుకుని పెరిగారో, దాని స్టీరింగ్ పట్టుకోవడానికి ఎన్ని తోటలకు ఊరికే నీళ్ళు కట్టారో ఎవరూ సరిగా రాయలేదు. నువ్వు రాయి. రాయాల్సినవాడివి నువ్వే అనిపించబట్టే ఇంత పొడుగు ఉత్తరం.

ఇక లోపం. పేజీ పేజీకీ ప్రేమ, మమకారం, జ్ఞాపకాల దొంతర అని రాసుకుంటూ పోయావు. కానీ వ్యాసం మొత్తంలో ఎవరూ ఒక్క నట్టు విప్పలేదు. ఆ మనుషుల మధ్య కూర్చున్నవాడివి కదా, వాళ్ళ నోట ప్రేమ అనే మాట విన్నావా? వాళ్ళు మాట్లాడేది రింగుల గురించి, లైనర్ల గురించి, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఏ దుకాణంలో పాత నాజిల్ దొరుకుతుందో దాని గురించి. వాళ్ళ మమకారమంతా ఆ మాటల్లోనే ఉంది. దాన్ని బయటకు తీసి వేరే పేరు పెట్టే పని నీకొద్దు. పని రాయి. పనిని ఉన్నదున్నట్టు, వరస తప్పకుండా రాస్తే మిగతాది చదివేవాడికే తెలుస్తుంది.

పని రాయాలంటే పని తెలియాలి. నీ వ్యాసంలో పెద్దాయన పొద్దున్నే ఐచర్ రేడియేటర్‌లో నీళ్ళు పోశాడని రాశావు. ఆ పాత ఐచర్‌కు రేడియేటరే ఉండదు. అది గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్ ఇంజిన్. సిలిండర్ చుట్టూ రెక్కలుంటాయి, ఆ సందుల్లో దుమ్మూ పొట్టూ పేరుకుంటే ఇంజిన్ కాగిపోతుంది. అందుకే ఆయన పొద్దున్నే చేసే పని ఇనుప బ్రష్షుతో ఆ సందులు గీకడం. నీళ్ళు దొరకని చెల్కల్లో నీళ్ళు అడగని ఇంజిన్ ఎంత ధైర్యమో ఆలోచించు. మన దేశంలో 1959లో ఫరీదాబాద్‌లో మొదట తయారైన ట్రాక్టరు ఐచరే. ఒక్క రేడియేటర్ మాటతో ఇంత విషయం జారిపోయింది. పైగా ఆ బండి నడిపినవాడెవడైనా అక్కడే చదవడం ఆపేస్తాడు, ఇక నువ్వేం చెప్పినా నమ్మడు.

వాళ్ళు బండ్లు బాగుచేసే షెడ్డుకు మళ్ళీ పో. ఈసారి ఇంటర్వ్యూకు పోకు, పనికి పో. పానా అందివ్వు, గుడ్డ పట్టుకో, డీజిల్‌తో పార్టులు కడుగు. ఉదాహరణకు డీజిల్ లైనులో ఎయిర్ పట్టిన రోజు నువ్వక్కడ ఉండాలి. ట్యాంకు అడుగంటేదాకా నడిపితే లైనులోకి గాలి చేరుతుంది. సెల్ఫ్ ఎంత కొట్టినా ఇంజిన్ అందుకోదు. అప్పుడు ఉస్తాద్, అంటే షెడ్డులో పెద్ద మెకానిక్, తొందరపడడు. ఫిల్టర్ నెత్తిమీదున్న స్క్రూ ఒక చుట్టు వదులు చేస్తాడు. పంపు పక్కనుండే చిన్న మీటను బొటనవేలితో కొడుతూ ఉంటాడు. ముందు నురగ వస్తుంది. తర్వాత బుడగలు బుడగలుగా డీజిల్. బుడగ అన్నది లేకుండా సన్నటి ధార పడేదాకా కొడతాడు, ధార పడుతుండగానే స్క్రూ బిగిస్తాడు. ఆగిన తర్వాత బిగిస్తే గాలి మళ్ళీ లోపలికే పోతుంది. ఆ తర్వాత నాజిల్ పైపుల దగ్గర నట్లు వదులు చేసి, సెల్ఫ్ కొట్టమని సైగ చేస్తాడు. అక్కడ డీజిల్ చిమ్మగానే ఒక్కొక్కటి బిగించుకుంటూ వస్తాడు. ఒక సిలిండర్ అందుకుంటుంది, తడబడుతుంది, తర్వాత రెండోది కలుస్తుంది. తెల్లటి పొగ పోయి నల్లటిది వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు అప్పుడు చూడు. చూసింది రాయి, దానికి ముందున్న ధార సంగతి కూడా రాయి. ధార లేకుండా ఆ మొహాలు రాస్తే వాళ్ళెందుకు సంతోషపడ్డారో ఎవరికీ అర్థం కాదు.

పట్టేసిన ఇంజిన్ సంగతి ఇంకా లోతు. తోటలో ఏళ్ళ తరబడి వానకు తడిసిన బండిలో పిస్టన్ దాని చుట్టూ గొట్టంలా ఉండే లైనర్‌కు అతుక్కుపోతుంది. హెడ్డు విప్పి, సిలిండర్‌లో డీజిల్ పోసి నానబెడతారు. రోజులు గడుస్తాయి. పొద్దున వచ్చి ఫ్లైవీల్‌ను ఇంత అటు, ఇంత ఇటు కదిలించి చూస్తారు. కదలదు. సుత్తి తీసుకుంటే పని పది నిమిషాల్లో అయిపోయినట్టే ఉంటుంది, పిస్టన్ కూడా పగిలిపోతుంది. అందుకని మళ్ళీ డీజిల్ పోసి ఛాయ్ తాగడానికి కూర్చుంటారు. పాత ముచ్చట్లు వచ్చేది ఆ ఛాయ్ దగ్గరే. నువ్వు ఆ ముచ్చట్లన్నిటినీ వ్యాసం మొదట్లో ఒకచోట కుప్ప పోశావు. అలా కాదు. పిస్టన్ నానుతుండగా ఒక ముచ్చట, కొత్త గ్యాస్కెట్ కోసం పోయినవాడు తిరిగొచ్చేలోగా ఇంకో ముచ్చట రానివ్వు. జ్ఞాపకం పనిలో ఖాళీ దొరికినప్పుడు వస్తుంది, రాతలోనూ అక్కడే రావాలి.

నేల సంగతి నీ వ్యాసంలో అసలు లేదు. మన నల్లగొండ, పాలమూరు వైపు ట్రాక్టరు అంటే అంతటా ఒకటే బండి కాదు. సాగర్ నీళ్ళు 1967లో కాలువల్లోకి వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పెరిగింది. అక్కడ బండికి పరీక్ష కరిగెటలో, అంటే నాటుకు ముందు పొలాన్ని బురద చేసి దున్నేటప్పుడు. ఇనుప చక్రాలేసుకుని బురదలో దిగబడకుండా తిరగాలి. బురద నీళ్ళు సీళ్ళు దాటి లోపలికి పోతే బేరింగులు పోతాయి. అటు దేవరకొండ, కల్వకుర్తి చెల్కల్లో పరీక్ష వేరు. గొర్రు కింద ఎక్కడ గుండు తగులుతుందో తెలియదు. తగిలినప్పుడు ముందు చక్రాలు లేస్తాయి. హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండ్ మనిషి గొర్రును బండికి మూడు చోట్ల తగిలించే లింకులను హైడ్రాలిక్‌తో కలిపింది ఈ ప్రమాదాన్ని ఆపడానికి కూడా. నేల గట్టిగా లాగితే పైలింకు మీద ఒత్తిడి పడుతుంది, హైడ్రాలిక్ గొర్రును కొంచెం ఎత్తుతుంది, బరువు వెనక చక్రాల మీదికి వస్తుంది. అందుకే ఆయన బండి చిన్నదైనా పెద్ద పని చేసింది. 1946లో ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో మొదలైన ఆయన బూడిదరంగు బండి వంశంలోదే, 1960లో మద్రాసులో పెట్టిన టాఫే కంపెనీ ద్వారా మన ఊళ్ళకొచ్చిన ఎర్ర మాస్సీ ఫెర్గూసన్. ఇది చరిత్ర పాఠంలా ఒక పేరాలో దించకు. గుండు తగిలి లింకు పిన్ను విరిగిన బండిని బాగుచేస్తున్నప్పుడు చెప్పు, పాఠకుడు వింటాడు.

బత్తాయి తోటల దగ్గరికి వస్తే చిన్న బండి ఎందుకన్నది చూపించాలి. కొమ్మలు కిందికి వంగి ఉంటాయి. పెద్ద బండి పోతే కాయ రాలుతుంది, కొమ్మ చీరుకుంటుంది. వేళ్ళు కూడా పైపైనే ఉంటాయి, బరువుకు మట్టి గట్టిపడితే చెట్టు ఓర్చుకోదు. సైలెన్సర్ పైకి కాకుండా పక్కకు తిప్పుకున్న బండి కనబడితే ఎందుకు తిప్పారో అడుగు. బోర్లు ఎండిన కరువు కాలంలో ట్యాంకర్లతో నీళ్ళు తోలి చెట్లను బతికించుకున్న రైతులున్నారు మన దగ్గర. ఆ ట్యాంకర్లను లాగిన బండ్లు ఇవే. తోట పోయాక బండి మూలపడింది. కొన్నిచోట్ల తోట కొట్టేసిన నేలలోనే ఇప్పుడు ఆ బండికి రంగులేస్తున్నారు. నీ వ్యాసంలో ఇది ఒక వాక్యంగా కూడా లేదు, నాకు చాలా వెలితిగా అనిపించింది.

అమెరికావాళ్ళ గార్డెన్ ట్రాక్టర్ల ప్రస్తావన తెచ్చావు. తేవచ్చు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1961లో తెచ్చిన కబ్ క్యాడెట్, జాన్ డీర్ 1963లో తెచ్చిన 110, వీల్ హార్స్ బండ్లు అక్కడ పాతవి వెతికి కొనుక్కుని నట్టు నట్టూ మెరిపిస్తారు. అవి ఎక్కువగా పెద్ద పెరడున్న ఇళ్ళవాళ్ళు గడ్డి కోసుకోవడానికి, చలికాలంలో మంచు తోసుకోవడానికి కొన్నవి. అక్కడి మనిషి గుర్తు చేసుకునేది నాన్న వెనక కూర్చుని గడ్డి కోసిన ఆదివారాన్ని. మనవాడు గుర్తు చేసుకునేది కిరాయి దున్నకాన్ని, రాత్రి మూడింటికి హెడ్‌లైట్ ఒకటే వెలుగుతుండగా దుక్కి సాళ్ళు తోలడాన్ని. రెండూ నిజమే, రెండూ విలువైనవే. వాళ్ళ మాటల్లోని తియ్యదనం తెచ్చి మనవాడి నోట పెట్టకు. ముడిపెట్టాలంటే మంచి ముడి ఒకటుంది. ఆ ఇంటర్నేషనల్ హార్వెస్టరే 1963లో మహీంద్రాతో కలిసి ఇక్కడ ట్రాక్టర్ల కంపెనీ పెట్టింది. మన ముసలి రైతులు ఇంటర్నేషనల్ అని పిలిచే బి-275 ఆ కంపెనీ బండే.

కలల బండి గురించి. నువ్వు యజమానులనే అడిగావు. ఎవరెవరు ఏ బండి కొనాలనుకున్నారో రాశావు: నీలిరంగు ఫోర్డ్ 3600, స్వరాజ్ 724, హెచ్ఎంటీ 2511. బాగుంది. 1974లో వచ్చిన స్వరాజ్ వెనక దుర్గాపూర్ పరిశోధన సంస్థ ఇంజనీర్ల కష్టం ఉందని, అది పూర్తిగా మన దేశపు డిజైన్ అని చెప్పడం కూడా బాగుంది. కానీ తమ్ముడూ, ఆ రోజుల్లో ట్రాక్టరు కొన్నవాడు ఒకడు, నడిపినవాడు ఇంకొకడు. పటేల్ ఇంట్లో బండి ఉంటే దాని మీద కూర్చున్నది జీతగాడి కొడుకు. బండి ఎప్పుడు దగ్గుతుందో, ఏ గేరులో మొరాయిస్తుందో వాడికే తెలుసు. పేరు మాత్రం కాగితం మీద ఇంకొకరిది. పాలమూరు నుంచి మట్టి పనికి వలసపోయిన ఇళ్ళలోంచి వచ్చి డ్రైవర్లయినవాళ్ళను వెతుకు. వాళ్ళ కల ఫోర్డ్ 3600 కాకపోవచ్చు. తాను పదేళ్ళు నడిపిన ఆ పాత మాస్సీనే, తన పేరు మీద. ఇప్పుడు ఆ బండినే తుక్కు ధరకు కొనుక్కుని బాగుచేసుకుంటున్నవాడు ఒక్కడు దొరికినా నీ వ్యాసం వేరే ఎత్తుకు పోతుంది. దొరుకుతాడు. షెడ్డులో ముందు కుర్చీల్లో కూర్చోడు, వెనక పని చేస్తుంటాడు.

వాయిదా కట్టలేక బండి పోగొట్టుకున్నవాళ్ళనూ వదిలిపెట్టకు. ఫైనాన్సువాళ్ళు కళ్ళంలోంచి బండి తోలుకుపోయిన రోజు గురించి మాట్లాడటం వాళ్ళకు కష్టం. నేరుగా అడగొద్దు. ఆ బండికి బ్రేకులు ఎలా ఉండేవని అడుగు. చెప్పాల్సింది వాళ్ళే చెప్తారు.

బండిని చదవడం కూడా నేర్చుకో. నంబరు ప్లేటు చూడు. ఏపీ 24 అంటే నల్లగొండది, ఏపీ 22 అంటే పాలమూరుది. ఏపీ 22 బండి నల్లగొండ షెడ్డులో ఉందంటే మధ్యలో ఒక అమ్మకం ఉంది, దాని వెనక ఒక పెళ్ళో, ఆసుపత్రి ఖర్చో, ఎండిన బోరో ఉంటుంది. మడ్‌గార్డ్ మీద రంగు గీకుతున్నప్పుడు పక్కనే ఉండు. పైన ఒక ఎరుపు, దాని కింద మెటల్ పేస్టు, దాని కింద ఇంకో ఎరుపు, అన్నిటికింద కంపెనీ వేసిన అసలు రంగు. మధ్య పొరలో ఒకప్పటి యజమాని రాయించుకున్న పిల్లల పేర్లు కనబడతాయి ఒక్కోసారి. వెల్డింగ్ అతుకులు లెక్కపెట్టి ఒక్కోదాని సంగతి అడుగు. నన్నడిగితే కొత్త బండిలా మెరిసేటట్టు రంగులేయడం కన్నా ఆ అతుకులు కనబడేటట్టు ఉంచడమే ఇష్టం. షెడ్డులో చాలామంది ఒప్పుకోరు, కంపెనీలోంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉండాలంటారు. వాళ్ళ మధ్య ఈ తగువు నిజంగా ఉంది. రాయి, ఎవరి పక్షం ఎందుకో వాళ్ళ మాటల్లోనే రాయి.

వాళ్ళ మాటలు అన్నాను కదా, వాటిని సాపు చేయకు. "వాయు అవరోధం ఏర్పడింది" అని నువ్వు రాసినచోట ఉస్తాద్ అన్నది "ఎయిర్ పట్టింది పటేలా, తీస్తే అందుకుంటది" అని. అంతే రాయి. పెద్ద పేచ్‌కస్ (స్క్రూడ్రైవర్) మొన ఇంజిన్ బ్లాకుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడు చూడు, అప్పుడు ఏం వినబడిందో అడుగు. ట్యాపెట్ కొడుతుందంటాడు, బేరింగ్ అరుస్తుందంటాడు. డుగ్‌డుగ్, టక్‌టక్ అని పేజీలు నింపే బదులు అతని చెవికి వినబడింది రాస్తే చాలు.

ఒక దారి చెప్తా. హెచ్ఎంటీ బండి ఒకటి ఆ షెడ్డులో ఉందన్నావు. చెకోస్లోవాకియా జెటార్ డిజైన్‌తో పింజోర్‌లో తయారైన బండి అది. ఆ ఫ్యాక్టరీని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఇక దానికి ఒక్కో పార్టూ వెతుక్కోవాల్సిందే: తుక్కు దుకాణాల్లో, ఇంకో చచ్చిన బండిలోంచి, కాదంటే లేత్ మీద కొత్తగా తిప్పించి. వ్యాసం మొత్తాన్ని ఆ ఒక్క బండి మీద నడుపు. దొరకని ఒక్క పార్టు కోసం వాళ్ళు ఎక్కడెక్కడికి పోతే నువ్వూ అక్కడికి పో. మిగతా బండ్లు, మనుషులు ఆ దారిలో వాటంతటవే వస్తారు.

రాసింది ముందు నాకు పంపకు, ఉస్తాద్‌కు చదివి వినిపించు. పని జరిగే వరస ఎక్కడైనా తప్పితే ఆయనే ఆపుతాడు, అక్కడ గుర్తు పెట్టుకో. వానాకాలం మొదలైతే వాళ్ళకు తీరిక ఉండదు, కిరాయి బండ్ల రిపేర్లతో షెడ్డు నిండిపోతుంది. ఎండాకాలం పోకముందే పో. డ్రైవర్ భాగం పూర్తికాగానే అదొక్కటైనా పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

నీ అన్న