బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లే కాస్తుందా?

తిన్న పండు టెంకను కుండీలో పెడితే మొలిచిందని, ఇప్పుడు మోకాలెత్తు అయిందని, అదే కాయ కాస్తుందా అని అడిగారు. కాయడం కాస్తుంది. బంగినపల్లి కాస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

మాది నూజివీడు వైపు. తోటలో ఉన్నవన్నీ అంటు చెట్లే గానీ గట్టు మీద టెంకల నుంచి లేచినవి రెండున్నాయి. రెండు టెంకలూ ఒకే బంగినపల్లి చెట్టువని నాన్న చెబుతారు. ఒకదాని కాయ నిండా పీచు, పండినా పులుపు పోదు. రెండోదాని కాయ చిన్నది, కానీ ఆవకాయకు భలే ఉంటుంది, ఏడాదైనా ముక్క మెత్తబడదు. రెండూ తల్లిని పోలలేదు, ఒకదాన్నొకటీ పోలలేదు.

ఎందుకంటే మనం తినే కండ తల్లి చెట్టుది. పువ్వులోని అండాశయం గోడే ఊరి కండగా, టెంక పెంకుగా మారుతుంది. లోపలి జీడి సంగతి వేరు. తల్లి అండంతో ఏదో ఒక పువ్వు పుప్పొడి కలిస్తే పుట్టిన బిడ్డ అది. పూత మీద వాలిన ఈగ అంతకుముందు చిన్నరసం మీద వాలిందో, కలెక్టర్ మామిడి మీద వాలిందో ఎవరు చూశారు? పోనీ పుప్పొడి కూడా అదే చెట్టుదనుకుందాం. అప్పుడూ ఖాయం లేదు. అండంలోకైనా పుప్పొడిలోకైనా చెట్టు జన్యువుల్లో సగమే చేరతాయి, ఏ సగమన్నది ప్రతిసారీ మారుతుంది.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో నీలం అనే మామిడి రకం పువ్వుకు దశేరి అనే రకం పుప్పొడి అద్ది మల్లిక అనే కొత్త రకాన్ని తెచ్చారు. దశేరి పువ్వుకు నీలం పుప్పొడి అద్ది ఆమ్రపాలిని తెచ్చారు. అమ్మానాన్నలు అవే రకాలు. అయినా మల్లిక కాయ పెద్దది, ఆమ్రపాలేమో చెట్టే పొట్టి, దగ్గర దగ్గరగా నాటుకునే రకం. అలాగని టెంక మొక్కను చిన్నచూపు చూడనక్కర్లేదు. మన పేరున్న మామిళ్లలో చాలావరకు ఒకప్పుడు ఇలా టెంక నుంచి లేచి, ఎవరికో కాయ నచ్చి నిలిచినవే.

నచ్చిన చెట్టును అలాగే నిలుపుకోవడానికే అంటు. ఇక్కడ పుప్పొడితో పనిలేదు. బంగినపల్లి కొమ్మ పుల్లను టెంక మొక్క కాండానికి చేర్చి, రెండింటి బెరడు కింది పచ్చి పొరలు ఆనుకునేలా గట్టిగా చుడతారు. అతుక్కున్నాక పైన పెరిగేది కొత్త బిడ్డ కాదు, ఆ పాత చెట్టే. 2017లో బనగానపల్లె పేరుతో జీఐ ట్యాగ్ (ఊరి పేరుతో వచ్చే సరుకుకిచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిన ఈ బంగినపల్లి ఇన్ని తోటల్లో ఒకే రకంగా ఉందంటే అంటు పుణ్యమే. పైగా అంటు మొక్క మూడు నాలుగేళ్లకే కాపుకొస్తుంది, టెంక మొక్కకు దానికి రెట్టింపు పట్టొచ్చు.

అరటి పిలకలు, పసుపు కొమ్ములు కూడా పుప్పొడితో పనిలేని ఈ దారే. కరివేపాకైతే పండు గింజ నుంచీ మొలుస్తుంది, వేరు నుంచీ పిల్లలు లేపుతుంది.

టెంకతోనే తల్లి రకం వచ్చే మామిళ్లూ ఉన్నాయి. కేరళ వైపు ఒలూర్, చంద్రకరన్ లాంటి వాటిలో ఒక్క టెంక నుంచి రెండు మూడు మొలకలు లేస్తాయి. వాటిలో ఎక్కువ భాగం పుప్పొడి లేకుండా తల్లి కణాల నుంచే పుట్టినవి. బంగినపల్లి ఆ రకం కాదు.

మీ మొక్కను మాత్రం పీకేయకండి. కాండం పెన్సిల్ లావయ్యాక వానాకాలంలో మంచి చెట్టు పుల్ల తెచ్చి, అలవాటున్న మనిషితో దాని మీదే అంటు కట్టించండి. పుల్ల కోయడానికి వారం పది రోజుల ముందే చెట్టు మీద దాని ఆకులు తుంచి, తొడిమలు వదిలేస్తే మొగ్గ ఉబ్బుతుంది, తొందరగా చిగురిస్తుంది. అంటు పట్టాక ముడి కింద నుంచి చిగుళ్లొస్తే ఎప్పటికప్పుడు గిల్లేయండి. అవి టెంక మొక్కవి, ఊరుకుంటే పై కొమ్మను మించిపోతాయి.