యాంప్లిఫయర్ విప్పే పిల్లాడికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాయిస్తుంటే మధ్యమధ్యలో సౌండ్ పోతోందని స్నేహితుడి బేస్ గిటార్ యాంప్లిఫయర్ ఇంటికి తెచ్చి విప్పేశాడు. చదువయ్యాక ఇవే రిపేర్లు చేసుకుంటూ బతుకుతానంటున్నాడు. షాక్ కొడుతుందేమోనని నాకు టెన్షన్. చదువు అటకెక్కుతుందని వాళ్ల నాన్నగారికి కోపం. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో నిజం ఉంది. ప్లగ్ పీకేస్తే ఇక ప్రమాదం లేదని చాలామంది అనుకుంటారు. యాంప్లిఫయర్‌లో అలా కుదరదు. పవర్ సప్లై దగ్గర చిన్న డబ్బాల్లా కనిపించే ఫిల్టర్ కెపాసిటర్లు ప్లగ్ తీశాక కూడా ఛార్జిని పట్టుకుని ఉండగలవు. వాల్వులతో (పాతకాలం రేడియోల్లో ఉండే గాజు గొట్టాలతో) నడిచే యాంప్‌లో అక్కడ 400, 500 వోల్టులు మామూలే. పెద్ద బేస్ యాంపుల్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఈ మధ్య వస్తున్న తేలికపాటి క్లాస్ డి (వేగంగా ఆన్-ఆఫ్ అవుతూ పనిచేసే) యాంపులను చూసి కూడా మోసపోకూడదు. చాలావాటిలో ఉండేది స్విచ్ మోడ్ పవర్ సప్లై. అది 230 వోల్టుల కరెంటును నేరుగా డీసీగా మార్చుకుంటుంది కాబట్టి లోపలి కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా నిలబడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి అది చాలు.

అందుకే పని తెలిసినవాళ్లు విప్పిన వెంటనే చెయ్యి పెట్టరు. మీటర్ వైరు ఒకదాన్ని క్లిప్‌తో తగిలించి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో మాత్రమే కొలుస్తారు. రెండు చేతులూ లోపల ఉంటే కరెంటు ఛాతీ గుండా పోతుంది. వోల్టేజి మిగిలి ఉంటే తగిన రెసిస్టర్ ద్వారా మెల్లగా దింపి, మళ్లీ కొలుస్తారు. ఆ రెండోసారి కొలవడం చాలా ముఖ్యం. కెపాసిటర్ కాళ్లకు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్‌మనిపించే అలవాటు మీవాడికి ఉంటే ఈ రోజే మాన్పించండి. ఈ పని తెలిసిన పెద్దవాళ్లు పక్కన నిలబడి నేర్పేదాకా వాల్వు యాంపులు, స్విచ్ మోడ్ సప్లైలు ఒంటరిగా ముట్టుకోనని మాట తీసుకోండి. ఇందులో బేరం వద్దు.

ఇక పని విషయం. మీరు రాసిన లక్షణం చదవగానే నాకు ఒక అనుమానం వచ్చింది. చాలా యాంపుల వెనక ఎఫెక్ట్స్ లూప్ అని, సౌండ్‌ను మార్చే బయటి పరికరాలు తగిలించుకోవడానికి సెండ్, రిటర్న్ జాకులు రెండుంటాయి. వాటిలో ఏమీ గుచ్చనప్పుడు సౌండ్ రిటర్న్ జాక్‌లోని ఒక చిన్న లోహపు రేకు మీదుగా వెళ్తుంది. ఏళ్ల తరబడి వాడకపోతే ఆ రేకుకు మసి పడుతుంది. అప్పుడు సౌండ్ వస్తూ పోతూ ఉంటుంది. సెండ్ నుంచి రిటర్న్‌కు ఒక చిన్న కేబుల్ గుచ్చి చూస్తే, సౌండ్ నిలకడగా వచ్చిందంటే దొంగ దొరికినట్టే. ఒక్క స్క్రూ కూడా విప్పక్కర్లేదు! కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. అక్కడ కాకపోతే గిటార్ కేబుల్, స్పీకర్ కేబుల్ మార్చి చూడాలి. ఆ తర్వాతే పెట్టె విప్పాలి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది స్వరం దాదాపు 41 హెర్ట్జ్, ఐదు తీగల దాంట్లో 31. ఆ అదురుకు పెట్టె మొత్తం వణుకుతుంది, జాకుల కాళ్ల దగ్గర టంకం చిట్లుతుంది. భూతద్దంలో చూస్తే కాలు చుట్టూ వెంట్రుకలాంటి గుండ్రటి గీత కనిపిస్తుంది.

మీవాడు ఇవేవీ చూడకుండా నేరుగా విప్పేసి ఉంటే అతనికి ఉత్సాహం ఉందని అర్థం, పని ఇంకా రాలేదని అర్థం. రెండో ఏడాది కుర్రాడికి అది తప్పేమీ కాదు. అతను విప్పాడన్న దాని కంటే, విప్పే ముందు ఏం ఆలోచించాడన్నదే నేను చూస్తాను.

భవిష్యత్తు గురించి మొహమాటం లేకుండా చెబుతాను. కేవలం గిటార్ యాంపుల రిపేర్ మీద ఇల్లు గడవడం చాలామందికి కష్టం. చవక యాంపులు పాడైతే కొత్తది కొనుక్కుంటున్నారు. కొత్త వాటిలో భాగాలు ఆవగింజంత ఉంటాయి, చాలాసార్లు బోర్డు మొత్తం మార్చేయడమే దారి. కానీ యాంప్ బల్ల మీద నేర్చుకున్నది యాంప్‌తో ఆగిపోదు. అదే పవర్ సప్లై యూపీఎస్‌లో ఉంది, ఆసుపత్రి పరికరాల్లో ఉంది, ఫ్యాక్టరీ మోటార్ డ్రైవుల్లో ఉంది. స్టూడియోలు, ప్రసార కేంద్రాలు, పెద్ద కచేరీల సౌండ్ కంపెనీలు, అన్నిచోట్లా పాడైన దాన్ని నిదానంగా వెతికి పట్టుకునేవాళ్లు కావాలి. లెక్కలంటే ఇష్టముంటే డిప్లొమా తర్వాత ఇంజనీరింగ్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్ వైపు పంపండి. చేతిపని మీదే మనసుంటే ఒకట్రెండేళ్లు మంచి సర్వీస్ సెంటర్‌లో పెద్దవాళ్ల కింద పనిచేయనివ్వండి. రెండింటికీ డిప్లొమా పూర్తి కావాల్సిందే.

వాళ్ల నాన్నగారికి ఒక మనిషి గురించి చెప్పండి. ఫెండర్ గిటార్ల కంపెనీ పెట్టిన లియో ఫెండర్ చదివింది అకౌంటింగ్. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేర్ షాపు పెట్టాడు. 1951లో అతని కంపెనీ నుంచి ప్రెసిషన్ బేస్ గిటార్ వచ్చింది, ఆ తర్వాత దానికోసమే చేసిన బేస్‌మ్యాన్ యాంప్ వచ్చింది. అందరూ ఫెండర్ అవుతారని నేను అనను. రిపేర్ బల్ల కూడా ఒక చదువేనని మాత్రం నమ్ముతాను.

మీ అబ్బాయితో ఒక నోట్‌బుక్ పెట్టించండి. నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థి మార్కుల లిస్టుతో పాటు అలాంటిదే తెచ్చాడు. ఒక పేజీలో ఇలా ఉంది: "కంప్లయింట్: గుయ్‌మని హమ్. వాల్యూమ్ తగ్గించినా తగ్గలేదు. నా అనుమానం: ఇన్‌పుట్ జాక్." దాన్ని కొట్టేసి కింద రాశాడు: "తప్పు. 100 హెర్ట్జ్ హమ్. ఫిల్టర్ కెపాసిటర్ పైభాగం ఉబ్బింది. మార్చాక ముందు సిరీస్ బల్బుతో ఆన్ చేశాను, ఒకసారి వెలిగి మసకబారింది." యాంప్‌కు వెళ్లే కరెంటు దారిలో కలిపే బల్బు అది, లోపల ఇంకా షార్ట్ ఉంటే అలాగే గట్టిగా వెలుగుతూ ఉండేది. తన తప్పును చెరిపేయకుండా కొట్టివేసి ఉంచిన ఆ పేజీ నాకు మార్కుల కంటే ఎక్కువ చెప్పింది. ఉద్యోగం ఇచ్చేవాళ్లకూ అంతే.

ఈ రాత్రి కోప్పడకుండా మీవాణ్ణి రెండే అడగండి. విప్పే ముందు ఏమేం పరీక్షించావు? విప్పాక కెపాసిటర్ మీద ఎన్ని వోల్టులు చూశావు? అతను ఏం చెప్పాడో ఉన్నది ఉన్నట్టు నాకు రాయండి. సెలవుల్లో సర్వీస్ సెంటర్‌కు పంపడానికి ఇప్పుడే సిద్ధంగా ఉన్నాడా, ఇంకో ఏడాది కాలేజీ ల్యాబులోనే సాధన చేయాలా అన్నది దాన్ని బట్టి చెబుతాను.