డీవీడీల బ్యాకప్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? ముందు కాపీ, తర్వాతే కన్వర్షన్

ఇంట్లో తీసుకున్న వీడియోల డీవీడీలు కొన్ని, కొనుక్కున్న సినిమా డీవీడీలు కొన్ని ఉన్నాయనీ, అన్నిటినీ కంప్యూటర్‌లో దాచుకోవాలనీ రాశారు. వెతికితే లెక్కలేనన్ని సాఫ్ట్‌వేర్లు కనిపిస్తున్నాయి, డబ్బు పెట్టి కొనాలా, ఉచితంగా దొరికేవి సరిపోతాయా అని అడిగారు. నా దగ్గరున్న డిస్కులన్నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకున్న అనుభవంతో చెప్తున్నాను. అన్నిటికీ ఒకే సాఫ్ట్‌వేర్ దొరుకుతుందని వెతక్కండి. ఇందులో ఉన్నవి రెండు వేర్వేరు పనులు. డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా దించుకోవడం ఒకటి. దాన్ని ఫోన్‌లోనో టీవీలోనో చూసుకోవడానికి వీలుగా చిన్న ఫైలుగా మార్చుకోవడం ఇంకొకటి. మొదటిదే బ్యాకప్, రెండోది కన్వర్షన్. ‘ఒక్క క్లిక్ చాలు’ అని ఊరించే ప్రోగ్రాముల్లో చాలావరకు చేసేది రెండో పని, పెట్టుకునే పేరు మాత్రం మొదటిది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, డీవీడీలో వీడియో ఎంపెగ్-2 పద్ధతిలో ఇప్పటికే కుదించి ఉంటుంది. దాన్ని ఎంపీ4గా మారిస్తే మళ్ళీ కుదించినట్టే. అలా పోయిన వివరం ఇక తిరిగి రాదు. పైగా మెనూలు పోతాయి, సెట్టింగ్ చూసుకోకపోతే రెండో ఆడియో ట్రాక్, సబ్‌టైటిల్స్ కూడా పోతాయి. అసలు కాపీ చేతిలో ఉంటే కన్వర్షన్ ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు, రేపు ఇంతకంటే మంచి పద్ధతి వస్తే దానితోనూ చేసుకోవచ్చు.

కాబట్టి ముందు ఐఎస్ఓ ఇమేజ్ చేసుకోండి. డిస్కు మొత్తం ఒకే ఫైలుగా దిగుతుంది. విండోస్‌లో అయితే నేను వాడింది ఇమ్‌గ్‌బర్న్. దాని చివరి వెర్షన్ 2013లో వచ్చింది, అయినా ఈ పనికి ఇప్పటికీ అదే చాలు. తెరవగానే కనిపించే వాటిలో డిస్కు నుంచి ఇమేజ్ ఫైల్ తయారుచేసే ఆప్షన్ ఎంచుకుని, ఎక్కడ సేవ్ చేయాలో చూపిస్తే సరి. ఒక్కటే జాగ్రత్త: దొరికిన ప్రతి సైట్ నుంచీ డౌన్‌లోడ్ చేయకండి, కొన్నిచోట్ల ఇన్‌స్టాలర్‌తో పాటు అక్కర్లేని ప్రకటనల ప్రోగ్రాములు అంటగడతారు. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ, లినక్స్‌లో బ్రసెరో లేదా కే3బీ ఇదే పని చేస్తాయి. 4.7 జీబీ డిస్కు విండోస్‌లో 4.37 జీబీగా కనిపిస్తే ఏదో తగ్గిందని కంగారుపడకండి, లెక్క 1000లో కాకుండా 1024లో వేయడం వల్ల వచ్చిన తేడా అది. రెండు పొరల డిస్కయితే 8.5 జీబీ దాకా ఉంటుంది. ఆ ఐఎస్ఓని వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో నేరుగా తెరవచ్చు, డిస్కు పెట్టినట్టే మెనూతో సహా ఆడుతుంది. విండోస్ 8 నుంచి ఐఎస్ఓ మీద డబుల్ క్లిక్ చేసినా డ్రైవ్‌లా తెరుచుకుంటుంది.

కొనుక్కున్న సినిమా డిస్కుల సంగతి వేరు. వాటిలో ఎక్కువ శాతం సీఎస్ఎస్ అనే తాళంతో వస్తాయి, డీవీడీలు మార్కెట్లోకి వచ్చిన 1996 నుంచీ ఉన్నదే అది. ఇమ్‌గ్‌బర్న్ గానీ, వీడియోని చిన్న ఫైలుగా మార్చే హ్యాండ్‌బ్రేక్ గానీ ఆ తాళం తీయవు. సొంత డిస్కు అయినా సరే ఆ తాళం తీయడం చట్టప్రకారం కుదురుతుందా లేదా అన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం దీనికి అడ్డుపడుతుంది. బ్రిటన్‌లో సొంతానికి కాపీ చేసుకోవచ్చని 2014లో మినహాయింపు ఇచ్చి, 2015లో కోర్టు దాన్ని కొట్టేసింది. మీరున్న చోట రూలు ఏమిటో ముందు చూసుకోండి. కుదిరే చోట మేక్‌ఎంకేవీ మంచిది. అది వీడియోని మళ్ళీ కుదించదు. మెనూ వదిలేసి వీడియో, ఆడియో ట్రాకులు, సబ్‌టైటిల్స్, చాప్టర్లు ఉన్నవున్నట్టు ఒక ఎంకేవీ ఫైలులో పెడుతుంది. డీవీడీల వరకు అది ఉచితమే. సొంత డిస్కులకే పరిమితం అవ్వండి, అద్దెకు తెచ్చినవీ అడిగి తెచ్చుకున్నవీ ఇందులోకి రావు.

ఇక అసలు శ్రమ పెట్టాల్సింది మీ ఇంటి వీడియోల మీద. సినిమా పోతే ఇంకో డిస్కు కొనుక్కోవచ్చు, ఇవి మాత్రం ఇంకెక్కడా దొరకవు. పైగా ఇవి ఫ్యాక్టరీలో అచ్చువేసిన డిస్కులు కావు, రాసుకునే డీవీడీ-ఆర్‌లు. వాటిలో సమాచారం ఒక రంగు పొరలో ఉంటుంది. వెలుతురుకీ, వేడికీ, వయసుకీ ఆ పొర పాడవుతుంది. బయటికి గీత ఒక్కటి కూడా లేని డిస్కు లోపల చదవలేని స్థితిలో ఉండొచ్చు. అందుకే వీటితోనే మొదలుపెట్టమంటాను.

నా దగ్గర అలాంటిదే ఒక డిస్కు, మామూలుగా కాపీ చేయబోతే సగం దాటాక డ్రైవ్ గుర్రుమంటూ ఒకేచోట తిరిగి తిరిగి ఆగిపోయేది. విండోస్ ఎర్రర్ చూపించి అంతవరకు చేసిన కాపీని కూడా తీసేసేది. అక్కడ పనికొచ్చింది లినక్స్‌లో నడిచే డీడీరెస్క్యూ. అది ముందు బాగున్న భాగాలన్నీ గబగబా చదివేసి, మొండికేసిన చోట్లని ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది, తర్వాత వాటి దగ్గరికే వెళ్ళి మళ్ళీ ప్రయత్నిస్తుంది. సెక్టార్ సైజు, అంటే డిస్కు ఒక్కోసారి చదివే ముక్క సైజు, 2048 బైట్లు అని ఇవ్వడం మర్చిపోవద్దు. నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, ఆ మ్యాప్ ఫైలు ఉంచుకుని అదే డిస్కుని వేరే కంప్యూటర్ డ్రైవ్‌లో పెడితే, మిగిలిపోయిన ఖాళీలని మాత్రమే నింపుకుంటుంది. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకో డ్రైవ్ చదవడం మామూలే. నా సన్నటి యూఎస్‌బీ డ్రైవ్ వదిలేసిన చోట్లలో చాలావరకు పాత డెస్క్‌టాప్ డ్రైవ్ లాగేసింది. చివరికి ఒక్కచోట క్షణంపాటు బొమ్మ చదరాలు చదరాలుగా విరుగుతుంది, మిగతాదంతా శుభ్రంగా దక్కింది. దీనికంటే ముందు డిస్కుని మెత్తటి పొడిబట్టతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవకండి.

పాత హ్యాండీక్యామ్‌లలో వాడిన 8 సెంటీమీటర్ల చిన్న డిస్కులుంటే ఇంకో మాట. రికార్డింగ్ అయ్యాక ఆ కెమెరాలోనే ఫైనలైజ్ చేసి (వేరే వాటిలో కూడా చదవగలిగేలా డిస్కుని ముగించి) ఉండకపోతే కంప్యూటర్‌కి అది ఖాళీ డిస్కులా కనిపిస్తుంది. పోయిందనుకుని పారేయకండి, కెమెరా పనిచేస్తుంటే అందులో పెట్టి ఫైనలైజ్ చేసి చూడండి. డిస్కుని లోపలికి లాక్కునే స్లాట్ డ్రైవ్‌లో మాత్రం వాటిని పెట్టొద్దు, ఇరుక్కుంటాయి. ట్రే ఉన్న డ్రైవే వాడండి.

చూసుకోవడానికి ఫైలు కావాలంటే హ్యాండ్‌బ్రేక్. ఉచితం, మూడు సిస్టమ్‌ల మీదా నడుస్తుంది. ఐఎస్ఓని అందులో తెరిస్తే టైటిళ్ళు, అంటే డిస్కులోని వీడియో భాగాలు వస్తాయి, అసలు వీడియో సాధారణంగా అన్నిటికంటే పొడవైనది. 576పీ ప్రీసెట్ (ముందే అమర్చిన సెట్టింగులు) ఎంచుకుని, క్వాలిటీ ఆర్‌ఎఫ్ 18కీ 22కీ మధ్య ఉంచండి. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. నేను 19 దగ్గర ఉంచుతాను. 1080పీకి పెంచకండి, డిస్కులో లేని వివరం ఎక్కడి నుంచీ రాదు. చూడాల్సింది డీఇంటర్లేస్, అంటే కదిలే చోట వచ్చే అడ్డగీతల్ని తీసేయడం. హ్యాండీక్యామ్ వీడియోలో ఎవరైనా చెయ్యి ఊపిన చోట ప్రివ్యూ ఆపి చూడండి, చేతి అంచున దువ్వెన పళ్ళలాగా సన్నటి అడ్డగీతలు కనిపిస్తాయి. ఫిల్టర్లలో డీకోంబ్ గానీ, యాడిఫ్ గానీ పెడితే పోతాయి. అందులో బాబ్ అనే ఆప్షన్ పెట్టి, ఫ్రేమ్ రేట్‌ని 50కి పెంచితే సెకనుకి 25 కాకుండా 50 ఫ్రేములు వచ్చి కదలిక అసలు రికార్డింగ్‌లో ఉన్నంత నునుపుగా ఉంటుంది. ఇంటి వీడియోలకి నేను అదే వాడతాను. డీవీడీ సబ్‌టైటిల్స్ బొమ్మల రూపంలో ఉంటాయి కాబట్టి వాటిని ఉంచుకోవాలంటే ఎంపీ4 కంటే ఎంకేవీ ఎంచుకోండి.

డబ్బు పెట్టి కొనేవాటి గురించి అడిగారు కదా. నేను ఒకదాని ట్రయల్ చూశాను, వీడియో మొదటి కొద్ది నిమిషాలే మార్చి, దాని మీద వాళ్ళ పేరు ముద్ర వేసి ఇచ్చింది. మీ ఇంటి డిస్కులకి అలాంటిది అస్సలు అక్కర్లేదు. ఇప్పటికీ కొందరు సిఫార్సు చేసే డీవీడీ ష్రింక్ కూడా వదిలేయండి. 8.5 జీబీ సినిమాని 4.7 జీబీ ఖాళీ డిస్కులో పట్టించడానికి చేసింది అది, చివరి వెర్షన్ 2004 నాటిది. ఇవాళ వంద పెద్ద డిస్కులు కూడా ఒక టీబీ హార్డ్ డిస్క్‌లో పడతాయి, కుదించాల్సిన అవసరమే లేదు.

కాపీ అయ్యాక ప్రతి ఐఎస్ఓని మొదట్లో, మధ్యలో, చివర్లో కాసేపు ఆడించి చూడండి. తర్వాత ఇంకో హార్డ్ డిస్క్‌లో రెండో కాపీ పెట్టండి, ఎందుకంటే హార్డ్ డిస్కులు చెప్పాపెట్టకుండా పోతాయి. రెండు కాపీలూ ఒకటేనని తేల్చుకోవడానికి ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) తీసి అదే ఫోల్డర్‌లో టెక్స్ట్ ఫైలుగా ఉంచుకోవచ్చు. ఫైలు పేర్లలో సంవత్సరం ముందు పెట్టండి, వరుసలో వస్తాయి. డిస్కు కవరు మీద చేత్తో రాసిన తేదీలు, పేర్లు ఉంటే ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఐఎస్ఓ పక్కనే పెట్టండి. వీడియోలో ఎవరెవరున్నారో చాలాసార్లు ఆ కవరు మీద తప్ప ఇంకెక్కడా రాసి ఉండదు.