నీటి అడుగున ఫొటోలు తీస్తానంటున్న బైపీసీ అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. నీట్ రాయనంటోంది. సముద్రంలో దిగి పగడపు దిబ్బలను, మునిగిన ఓడలను ఫొటోలు తీస్తూ శాస్త్రవేత్తలతో కలిసి పనిచేస్తానంటోంది. మాకు సముద్రం ఎక్కడో దూరం. తనకు ఈత కూడా రాదు. ఈ పనిలో బతుకుతెరువు ఉంటుందా? – ఒక తల్లి, పరకాల

జవాబు: ఉంటుందమ్మా. అయితే ఫొటోగ్రాఫర్ అనే ఉద్యోగం కోసం వెతికితే దొరకడం కష్టం. నీటి అడుగున ఫొటోలు తీయడం మీదే పూర్తిగా బతికేవారు మన దేశంలో చాలా తక్కువ. సముద్ర జీవశాస్త్రంలోనో మత్స్య పరిశోధనలోనో పురావస్తు శాఖలోనో కొలువు చేస్తూ, ఆ పని కోసమే కెమెరాతో నీటిలో దిగేవారు ఉన్నారు. అందుకని ఇంటర్ కాగానే ఫొటోగ్రఫీ కోర్సులో చేర్చకండి. ముందు సైన్సు డిగ్రీ చేయనివ్వండి.

శాస్త్రానికి పనికొచ్చే ఫొటో ఎలా ఉంటుందో మీ అమ్మాయి ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. నీరు అన్నిటికంటే ముందు ఎరుపు రంగును మింగేస్తుంది. పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఎర్రని పగడం కూడా నీలి బూడిద రంగులో కనిపిస్తుంది. వేడికి పగడం పాలిపోయిందా, ఆరోగ్యంగానే ఉందా అని తేల్చాలంటే అసలు రంగు తెలియాలి కదా! అందుకే లైట్లు తీసుకెళ్తారు, పగడం పక్కన రంగుల పట్టీ పెట్టి ఫొటో తీస్తారు. నీటి కింద జీపీఎస్ పనిచేయదు. పైన తేలే బోయాకు జీపీఎస్ కట్టి, కెమెరా గడియారాన్ని దానితో సరిచూసుకుని దిగుతారు. ఫొటో తీసిన సమయాన్ని బట్టి అది ఏ చోటిదో తేలుతుంది. ఏడాది తర్వాత అదే చోటికి వెళ్లి, అదే కొలత చట్రం పరిచి, అంతే ఎత్తు నుంచి మళ్లీ తీస్తేనే పగడం ఎంత పెరిగిందో, ఎంత చచ్చిందో లెక్క తేలుతుంది. ఈ ఓపిక ఉన్నవారికే ఈ రంగంలో చోటు ఉంటుంది.

హైదరాబాద్‌లో సముద్ర సమాచారం అందించే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతలను బట్టి పగడాలు పాలిపోయే ప్రమాదం మీద హెచ్చరికలు ఇస్తుంది. అడుగున నిజంగా ఏం జరిగిందో మాత్రం దిగి చూసినవారే చెప్పాలి. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి ఒక వేల్ షార్క్ (ఒంటినిండా చుక్కలుండే భారీ సొరచేప) కొట్టుకొస్తే దాన్ని తిరిగి సముద్రంలోకి పంపారు. దాని ఫొటోలు మాల్దీవుల్లోని పరిశోధకులకు చేరాయి. ఈ చేప ఒంటిమీది చుక్కలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. మొప్పల వెనక భాగాన్ని పక్క నుంచి స్పష్టంగా తీసిన ఒక్క ఫొటో ఉంటే, అదే చేప మళ్లీ ఎక్కడ కనిపించినా గుర్తుపట్టవచ్చు. దాన్ని పట్టి ట్యాగు తగిలించాల్సిన అవసరం కూడా ఉండదు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

ఇక మునిగిన ఓడలు. ఒకదానిపై ఒకటి కొంత కలిసేలా వందలాది ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో కలిపి త్రీడీ నమూనా తయారుచేయడాన్ని ఫొటోగ్రామెట్రీ అంటారు. సుమారు 3,800 మీటర్ల లోతున ఉన్న టైటానిక్‌ను 2022లో ఇలాగే ఏడు లక్షలకు పైగా ఫొటోలతో నమోదు చేశారు. అంత లోతుకు మనుషులు ఈదుకుంటూ వెళ్లలేరు, ఆ ఫొటోలు రోబోలు తీసినవే.

ఈ పని నేర్చుకోవడానికి సముద్రమే అక్కర్లేదు. వరంగల్ కోటలో కూలిన శిల్పాలు ఆరుబయట నేలమీదే ఉన్నాయి. ఏదో ఒక రాయిని ఎంచుకుని, పక్కన స్కేలు పెట్టి, చుట్టూ తిరుగుతూ ఫోనుతోనే ఫొటోలు తీయమనండి. ప్రతి ఫొటోలో అంతకుముందు దానిలోని భాగం సగానికి పైగా ఉండాలి. మెష్‌రూమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని నమూనాగా మారుస్తుంది. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ మాత్రం కావాలి. శిల్పాలను ముట్టుకోకూడదు. ట్రైపాడ్ వాడాలంటే పురావస్తు శాఖ అనుమతి తీసుకోవాలి. ఇలా చేసిన నాలుగైదు నమూనాలు రేపు పరిశోధన ప్రాజెక్టుకు దరఖాస్తు చేసేటప్పుడు ఎంతో బలాన్నిస్తాయి.

చదువు విషయంలో నా మొగ్గు బీఎఫ్‌ఎస్సీ, అంటే మత్స్యశాస్త్ర డిగ్రీ వైపు. వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది, ఎప్‌సెట్ ర్యాంకుతో సీటు వస్తుంది. తర్వాత ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈలో పీజీ చేయవచ్చు. సముద్రం దాకా వెళ్లలేకపోయినా, చెరువులు, జలాశయాలు నిండుగా ఉన్న మన రాష్ట్రంలో మత్స్య శాఖ ఉద్యోగాలకు ఆ డిగ్రీ పనికొస్తుంది. సీటు రాకపోతే కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలో జువాలజీతో బీఎస్సీ చేసి, కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాసి, అండమాన్‌లోని శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్)లో ఉన్న పాండిచ్చేరి విశ్వవిద్యాలయ విభాగంలో మెరైన్ బయాలజీ చదవవచ్చు. అక్కడ పగడపు దిబ్బలు దగ్గరే. ఓడల మీదే మనసుంటే దారి వేరు. చరిత్ర లేదా పురావస్తు శాస్త్రంలో పీజీ, ఆపైన గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ నడిపే రెండేళ్ల డిప్లొమా చేయాలి. పోస్టులు కొన్నే, పోటీ గట్టిగా ఉంటుంది.

ఈ వేసవిలో ఈత నేర్పించండి. శిక్షకుడున్న కొలనులోనే నేర్పించాలి. పాకాల, లక్నవరం వంటి చెరువుల్లో దిగనివ్వవద్దు. స్కూబా (గాలి సిలిండరుతో నీటిలో దిగడం) తొలి కోర్సుకు సాధారణంగా 200 మీటర్లు ఈది, పది నిమిషాలు తేలి చూపించమంటారు. అది పూర్తయితే 18 మీటర్ల లోతు వరకు దిగవచ్చు. డబ్బు కట్టేముందు చెవి, సైనస్, ఊపిరితిత్తుల పరీక్షలు చేయించండి. ఆస్తమా ఉంటే డాక్టరు ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లాలి. కెమెరా ఇప్పుడే కొనకండి. నీరు చొరబడకుండా దానికి తొడిగే పెట్టె ధరే చాలాసార్లు కెమెరా ధరను మించుతుంది. నీటిలో కదలకుండా నిలబడడం వచ్చేదాకా కెమెరా చేతిలో ఉంటే పగడాలకే ప్రమాదం, ఈదడానికి కాలికి తొడిగే ఫిన్ తగిలితే విరిగిపోతాయి.

కోర్సు కోసం అండమాన్ పంపేటట్లయితే ఒక జాగ్రత్త పాటించండి. చివరిసారి నీటిలో దిగాక కనీసం 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కకూడదు. తిరుగు టికెట్‌ను ఆ మేరకు బుక్ చేయండి.