చిన్నాకు, లేక్ ఫోర్క్ వెళ్లే ముందు

చిరంజీవి చిన్నాకు, మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోటో పంపింది. బల్ల మీద కొత్త రాడ్, రీలు, లూర్ల (ఉత్తుత్తి ఎరల) డబ్బా, వాటి వెనక నవ్వుతూ నీ పాప. "మార్చి సెలవులకి పాపని తీసుకుని టెక్సస్‌లోనే ఆ లేక్ ఫోర్క్ చెరువుకి వెళ్తున్నాడటరా, బాస్ చేపలు పడతాడట" అని కింద రాసింది. చూడగానే గుండె నిండిపోయింది. గుడివాడ దగ్గర మన ఊరి పంట కాలువ గట్టున, ఏడేళ్ల వయసులో, వానపామును చేత్తో పట్టుకోలేక నువ్వు ఏడ్చిన సంగతి గుర్తొచ్చింది. అదే సాయంత్రం జెల్ల ఒకటి పడితే, దాన్ని వదలకుండా ఇంటిదాకా పరిగెత్తింది కూడా నువ్వే.

ఆ తర్వాత ఫోటోను పెద్దది చేసి డబ్బాలోకి చూశాను. ఒక ఔన్సు జిగ్‌లు (సీసం గుండు, గాలం, కుచ్చు కలిసిన ఎరలు) ఆరు, పక్కన ఎనిమిది అంగుళాల స్విమ్‌బెయిట్ (చేప ఆకారం ఎర) రెండు. ఇక నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఒరేయ్, ఎవరు చెప్పారురా నీకు, పెద్ద చేపకి పెద్ద లూర్ అని? టెక్సస్‌లో అన్నిటికంటే పెద్ద బాస్ లేక్ ఫోర్క్‌లోనే పడింది. 1992 జనవరిలో, 18.18 పౌండ్లు. పట్టిన బారీ సెయింట్ క్లెయిర్ అప్పుడు బాస్ కోసం వెళ్లనేలేదు. క్రాపీలనే చిన్న రకం చేపల కోసం మిన్నో (బుల్లి చేప) ఎర వేసుకుని కూర్చున్నాడు. నువ్వు మోసుకెళ్తున్న స్విమ్‌బెయిట్ కంటే ఎంతో చిన్న ఎర అది. ఇది మరిచిపోకు.

జిగ్ బరువు చేపను చూసి ఎంచుకోం. లోతు, గాలి, గడ్డి ఎంతున్నాయో చూసి ఎంచుకుంటాం. మన కొర్రమీను ఎలాగో బాస్ కూడా అలాగే. చాటున కదలకుండా ఉండి, ముందు నుంచి ఏదైనా దిగుతుంటే నోరు తెరిచి గుటుక్కున లాక్కుంటుంది. అందుకే జిగ్ ఎక్కువసార్లు దిగేటప్పుడే అందుకుంటుంది. నెమ్మదిగా దిగితే చూసుకోవడానికి దానికి టైమ్ ఉంటుంది. నీళ్లు చల్లగా ఉంటే చేప మందకొడిగా ఉంటుంది కాబట్టి ఇంకా నెమ్మదిగా దిగాలి. మరీ తేలికైతే మాత్రం గాలికి దారం విల్లులా వంగిపోయి, అడుగు తగిలిందో లేదో నీకే తెలియదు. అందుకని అడుగు తెలిసేంత బరువు ఉంటే చాలు.

నువ్వు వెళ్లేది మార్చిలో. నీళ్లు 60 డిగ్రీల ఫారన్‌హీట్‌కు అటూఇటూగా ఉంటాయి, బాస్ గుడ్లు పెట్టడానికి కయ్యల్లోకి, మెరక నీళ్లలోకి వస్తుంటుంది. పదడుగుల లోపు లోతులో 3/8 ఔన్సు జిగ్, అంటే పది గ్రాముల పైచిలుకు, సరిపోతుంది. నాలుగైదు అడుగుల్లో గాలి లేకపోతే పావు ఔన్సు. గాలి లేస్తే, లేదా పదిహేను అడుగులు దాటితే అర ఔన్సు. నీ ఒక ఔన్సు జిగ్‌లు పారెయ్యకు, జూన్, జూలైల్లో బాస్ ఇరవై పాతిక అడుగుల లోతుకు దిగినప్పుడు పనికొస్తాయి. మార్చిలో నాలుగడుగుల నీళ్లలో వేస్తే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఆ బుడుంగు శబ్దానికి దగ్గర్లో ఉన్న చేప కూడా పారిపోతుంది.

బరువు ఒకటి, సైజు ఇంకొకటి. ఈ రెంటినీ కలిపెయ్యకు. జిగ్ వెనక తగిలించే మెత్తటి ప్లాస్టిక్ తోక, అంటే ట్రైలర్, పెద్దదైతే, అదే బరువు నెమ్మదిగా దిగుతుంది. అర ఔన్సు మరీ వేగంగా దిగుతోందనిపిస్తే జిగ్ మార్చక్కర్లేదు, నాలుగంగుళాల ట్రైలర్ పెట్టు. పొద్దున్నుంచి చేపలు ముట్టుకోకపోతే మూడంగుళాలకు దిగు, కుచ్చును కత్తెరతో గాలం వంపు దాటి కాస్త ఉండేలా కత్తిరించు. అక్కడి బాస్ తినేవాటిలో క్రాఫిష్ ఒకటి, జిగ్ పోలేది దాన్నే. రొయ్యకు పీత డెక్కలు అతికించినట్టుంటుంది. అది ఎక్కువగా నీ అరచేతిని మించదు. దాని సైజు గుర్తుపెట్టుకుంటే చాలు. రంగుకు ఎక్కువ ఆలోచించకు. నీళ్లు తేటగా ఉంటే గ్రీన్ పంప్‌కిన్ (గోధుమ కలిసిన ఆకుపచ్చ), వాన పడి మట్టిగా ఉంటే నలుపూ నీలం.

నీ రాడ్ చూశాను. మీడియం స్పిన్నింగ్ రాడ్, దాని మీద పది పౌండ్ల బరువు తట్టుకునే దారం అయ్యుంటుంది. లావు గాలం ఉన్న జిగ్‌ను ఆ రాడ్ చేప దవడలోకి దించలేదు, ముందు రాడ్డే వంగిపోతుంది. సన్న గాలం ఉన్న పావు ఔన్సు ఫినెస్ జిగ్‌లు కొనుక్కో. లేదా నా ఏడడుగుల కాస్టింగ్ రాడ్ తీసుకెళ్లు.

మొదటిసారి వేసినప్పుడు అడుగు తగిలేదాకా లెక్కపెట్టు. ఎనిమిది లెక్కపెడితే అడుగు తగిలిన చోట, ఇంకోసారి ఐదుకే దారం ఆగిపోయిందనుకో, అది నేల కాదు, చేప. ఒక్కోసారి "టిక్" మని చిన్న మోత వేలికి తెలుస్తుంది. ఒక్కోసారి అదీ ఉండదు, దారం పక్కకు జరుగుతుంది, అంతే. దారం వదులు చుట్టుకుని రాడ్ గట్టిగా ఎత్తు. నాకు ఇది తెలియడానికి రెండేళ్లు పట్టింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు మొత్తం చదవకపోయినా ఇది చదువు.

లేక్ ఫోర్క్‌కు 1980లో నీళ్లు పట్టినప్పుడు చెట్లు చాలావరకు అలాగే వదిలేశారు. ఇప్పటికీ నీళ్ల పైకి మోడులు కనిపిస్తాయి, కనిపించనివి అంతకంటే ఎక్కువ. 2003 ఏప్రిల్లో నేను మా వాడిని తీసుకుని వెళ్లాను. వాడికప్పుడు తొమ్మిదేళ్లు. నీలాగే నేనూ పెద్ద జిగ్ అనుకున్నాను. ముప్పావు ఔన్సు, 65 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన) దారం. నాలుగైదడుగుల నీళ్లలో, మోడుల మధ్య. తేలిక జిగ్ అయితే కొమ్మ మీదుగా దొర్లిపోయి ఉండేది. ఇది బండరాయిలా పడి పంగల్లో ఇరుక్కునేది. మధ్యాహ్నానికి ఏడెనిమిదిసార్లు ఇరుక్కుంది. చేప ఒక్కటీ లేదు. ఎండ, ఆకలి, పట్టుదల. తొమ్మిదోసారి ఇరుక్కున్నప్పుడు నేను రాడ్‌ను నిటారుగా పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి లాగాను. వాడు నా వెనక కూర్చుని "నాన్నా, వదిలెయ్ నాన్నా" అన్నాడు. వదల్లేదు.

కొమ్మ వదిలింది. ఆ సీసం గుండు నా చెవి పక్కనుంచి జుయ్యిమని వెళ్లింది. వెనక్కి తిరిగేసరికి వాడు చేత్తో కన్ను మూసుకుని ఉన్నాడు, వేళ్ల సందుల్లోంచి రక్తం. ఏడవలేదు. "ఏమీ కాలేదు నాన్నా" అన్నాడు. చెయ్యి తీస్తే కనుబొమ చీలి ఉంది. కంటికి అరంగుళం పైన. ఇంజిన్ స్టార్ట్ చెయ్యడానికి చేతులు వణికి మూడుసార్లు తాళం జారింది. ఐదు కుట్లు పడ్డాయి. డాక్టరు చెప్పింది ఒక్క మాటే: "కన్ను దక్కింది." మీ అత్తయ్య ఆ రాత్రి నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. తర్వాతి వారం వాడే "మళ్లీ ఎప్పుడెళ్దాం?" అని అడిగాడు. రెండేళ్లపాటు నేను తీసుకెళ్లలేకపోయాను. ఆ రెండేళ్లు వాడి బాల్యంలోంచి నేనే తీసేశాననిపిస్తుంది. ఇప్పటికీ వాడు వీడియో కాల్‌లో నవ్వితే ముందు ఆ గీత కనబడుతుంది నాకు.

కాబట్టి చిన్నా, జిగ్ ఇరుక్కుంటే లాగకు. దారం వదులు చేసి రాడ్ కొనను ఆడించు. బరువు దానికదే కొమ్మను కొట్టుకుని ఎక్కువసార్లు ఊడివస్తుంది. రాకపోతే పడవను ఇరుక్కున్న చోటు దాటించి, అవతలి వైపు నుంచి ఎత్తు. అదీ కాకపోతే తెంపేయ్. దారాన్ని చేతికి చుట్టకు, బ్రెయిడ్ వేలును కోసేస్తుంది. కర్రముక్కకు చుట్టి, పాపను కింద కూర్చోబెట్టి, ఇద్దరూ మొహాలు అటు తిప్పుకుని లాగు. ఐదారు డాలర్ల జిగ్ పోతే పోనీ. గాలానికి అడ్డుగా ఉండే వీడ్ గార్డ్ పీచును మరీ కత్తిరించకు, మోడుల్లో నిన్ను కాపాడేది అదే. పడవలో ఉన్నంతసేపూ ఇద్దరి కళ్లకూ అద్దాలు ఉండాలి. నువ్వు విసిరేటప్పుడు పాప నీ వెనక ఉండకూడదు, ముందు వైపు నీకు కనబడేలా కూర్చోవాలి.

లైఫ్ జాకెట్ పాప విప్పకూడదు. 26 అడుగుల లోపు పడవల్లో పదమూడేళ్లలోపు పిల్లలకు, పడవ లంగరు వేసి గానీ గట్టుకు కట్టేసి గానీ లేనంతసేపూ, చట్టమే ఉంది. నీకు లేకపోయినా నువ్వు కూడా వేసుకో, మార్చి నీళ్లు చల్లన. లైసెన్స్ తీసుకో, పాపకు అక్కర్లేదు. ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను ఉంచుకోకూడదు, కొలిచే బద్ద పెట్టుకో. గుడ్లతో ఉన్న చేపను ఎలాగూ వదిలేస్తావనుకో. కింది దవడ పట్టుకుని తడి చేత్తో పొట్ట కింద ఆనించి, పాప చేతనే నీళ్లలోకి వదిలించు. తోక ఒక్కసారి విదిల్చి వెళ్లిపోవడం చూడనీ.

గురువారం సాయంత్రం ఇంటికి రా. 3/8 జిగ్‌లు పది, పావు ఔన్సువి ఆరు డబ్బాలో పెట్టి ఉంచాను. టంగ్‌స్టన్ లోహంవి నాలుగున్నాయి, అదే బరువుకు సీసం కంటే చిన్నగా ఉంటాయి, వాటిని ముందు వాడు. ఒక ఔన్సువి ఇక్కడ వదిలేసి వెళ్లు, జూన్‌లో ఇస్తాను. మీ అత్తయ్య పులిహోర కట్టిస్తానంటోంది. పాప మొహం వెడల్పు ఎంతో స్కేలు పెట్టి కొలిచి ఈ రాత్రికే మెసేజ్ పెట్టు. పిల్లల సైజు అద్దాలు రేపు నేనే వెళ్లి కొంటాను.

మామయ్య