మంచం కోళ్ళు మార్చే ముందు

చి. చిన్నీకి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. తలాపు వైపు ఎడమ కోడు బయటికి వాలిపోయింది, దాని పైన మూల ఉబ్బి పొట్టు రేగింది. కొత్త కాళ్ళు నాలుగు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడుతున్నానని రాశావు. ఆ ఆర్డర్ ఇవాళ్టికి ఆపు. హార్డ్‌వేర్ షాపులో కూర్చున్నన్నాళ్ళూ నేను చూసింది ఇదే: కోడు పోయిందని వచ్చేవాళ్ళలో చాలామందికి కోడు బాగానే ఉంటుంది, అది బిగించిన బెజ్జం పోయి ఉంటుంది. బెజ్జం సంగతి చూడకుండా కొత్తది తెచ్చి అందులోనే తిప్పితే కొన్నాళ్ళకి మళ్ళీ షాపు మెట్లెక్కుతారు. మాకేం, గిరాకీయే.

నీ మంచం ఇంజనీర్డ్ వుడ్ అన్నావు. పొట్టు, చెక్క తునకలు జిగురుతో కలిపి వేడి మీద అదిమిన పలక అది. ఆ పేరుతో అమ్మే మంచాల్లో ఎక్కువగా ఉండేది ఇదే, షాపులో పార్టికల్ బోర్డు అంటారు. దాన్ని తిట్టుకోకు, ఆ ధరకి అదే వస్తుంది. బరువు తిన్నగా కిందికి పడితే బాగానే మోస్తుంది. పక్కకి లాగినా, నీళ్ళు తగిలినా మాత్రం ఓర్చుకోదు. టేకు తడిసి ఉబ్బినా ఆరాక చాలావరకు సర్దుకుంటుంది. ఈ పలక ఒకసారి ఉబ్బితే ఆరినా తగ్గదు. లోపల పొట్టు విడిపోయి స్క్రూకి పట్టు లేకుండా పోతుంది. ఫోటోలో ఆ మూల వెనక గోడ మీద తడి చార కనిపిస్తోంది. పైన ఏసీ ఉందిగా, దాని పైపు కారుతున్నట్టుంది. ముందు అది బాగుచేయించు. లేకపోతే నేను రాసేదంతా వృథా.

ఇక పని. పరుపు దించి, అడ్డపలకలన్నీ తీసెయ్యి. బరువు ఉండగా ఒక మూల మాత్రం ఎత్తి కింద ఇటుక దూర్చే ఆలోచన చెయ్యకు. ఒక మూల లేస్తే చట్రం మెలితిరుగుతుంది. మంచం చుట్టూ ఉండే పట్టెల్ని మూలల్లో కలిపే ఆ చిన్న గుండ్రటి లాకులు పలకని చీల్చుకుని బయటికి వస్తాయి, అప్పుడు కోడు మార్చబోయి మంచమే మార్చాల్సి వస్తుంది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని తలాపు వైపు మొత్తం ఒకేసారి ఎత్తి ఇటుకల మీద పెట్టండి. ఇటుకకీ పట్టెకీ మధ్య పాత దుప్పటి మడిచి వెయ్యండి.

కోడు చేత్తో ఎడమవైపు తిప్పితే ఊడి వస్తుంది. రాకపోతే పట్టుకారుతో నలపకు, మెడ దగ్గర గుడ్డ చుట్టి తిప్పు. కోడుతోపాటు బోల్టు కూడా వచ్చిందా, లేక బోల్టు పైన పలకలోనే ఉండిపోయిందా చూడు. చాలా కోళ్ళకి ఉండే బోల్టు రెండు రకాల మరలది. ఒక సగం చెక్కలోకి దిగే స్క్రూ, రెండో సగం నట్టు ఎక్కే మర. దానికి తల ఉండదు కాబట్టి తీయడానికి చాలామంది అవస్థ పడతారు. ఆ మర మీద రెండు నట్లు ఎక్కించి, పానాలతో ఒకదాని మీద ఒకటి గట్టిగా బిగించు. అప్పుడు నట్టే దాని తల అవుతుంది. లోపలి నట్టు మీద పానా వేసి తిప్పితే బోల్టు వచ్చేస్తుంది. కొత్తది బిగించేటప్పుడూ ఇదే పద్ధతి, కాకపోతే అప్పుడు బయటి నట్టు మీద తిప్పాలి.

ఇప్పుడు బెజ్జం చూడు. స్క్రూడ్రైవర్ మొనతో చుట్టూ నొక్కు. గట్టిగా ఉండి, మర మాత్రమే అరిగి ఉంటే పెద్ద పని కాదు. కొబ్బరి చీపురు పుల్లలు చిన్న ముక్కలు చేసి, ఫెవికాల్లో ముంచి బెజ్జం నిండా కూరి, ఒక రోజంతా ఆరనిచ్చి, సన్నటి డ్రిల్ బిట్‌తో మళ్ళీ బెజ్జం వేసుకుంటే సరిపోతుంది. ఇంటర్నెట్‌లో అన్నింటికీ ఇదే మందు చెబుతారు. డ్రాయరు పిడికైతే సరే గానీ, మనిషి బరువు మోసే కోటికి బెజ్జం కొద్దిగా అరిగినప్పుడే ఇది పనికొస్తుంది. మొన దిగబడి పొట్టు రాలిందంటే దాని మీద ఆశ వదులుకో.

నీది రెండో రకమే అనుకుంటున్నాను. కానీ ఫోటోలో నాకు కనిపించిన మంచి విషయం ఒకటుంది. నీ మంచానికి కోడు పట్టెకి బిగించలేదు, మూలలో అడ్డంగా ఉన్న త్రికోణం పలకకి బిగించారు. పలక అంచులోకి దిగిన స్క్రూ కన్నా దాని వెడల్పు ముఖంలోకి దిగిన స్క్రూ ఎక్కువ పట్టు పడుతుంది, అందుకని అలా చేస్తారు. ఆ త్రికోణం ఒక్కటే విప్పి మార్చుకోవచ్చు. పాతదాన్ని న్యూస్ పేపర్ మీద పెట్టి అచ్చు గీసుకో. ప్లైవుడ్ షాపుకి వెళ్ళి 18 మి.మీ. మందం ముక్క కోయించుకో. మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూడు, అది నీళ్ళకి తట్టుకునే మెరైన్ ప్లై. షీటు మొత్తం కొనక్కర్లేదు, తుక్కు ముక్కల్లో దొరుకుతుంది. నాలుగు మూలలకీ నాలుగు చేయించెయ్యి, మిగతా మూడూ ఇదే వయసువి.

ఆ ప్లైలో ఇక స్క్రూ మర వద్దు, టీ నట్ వేయించు. ముళ్ళున్న చిన్న గొట్టంలా ఉంటుంది, పది రూపాయల వస్తువు. అసలు తేడా దీన్ని ఎటువైపు నుంచి కొట్టావన్న దాంట్లోనే వస్తుంది. కోడు వచ్చేది కింది నుంచి కాబట్టి టీ నట్ పైనుంచి దిగాలి. అప్పుడు కోడు బిగించే కొద్దీ ముళ్ళు చెక్కలోకి ఇంకా దిగుతాయి. కింది నుంచి కొడితే బిగించినప్పుడల్లా ఊడి కిందికి వస్తుంది. అనుభవమున్న కుర్రాళ్ళు కూడా తొందరలో తిరగేసి కొడతారు, దగ్గరుండి చూసుకో. 8 మి.మీ. టీ నట్‌కి బెజ్జం 10 మి.మీ. దాకా కావాలి. గొట్టం వదులు కాకుండా, సుత్తితో కొడితే దిగేలా ఉండాలి.

ఒకవేళ త్రికోణమే కాక పట్టె చివర కూడా ఉబ్బి ఉంటే, దానికి మన పాత మంచాల పద్ధతే మేలు. పాత మంచంలో పట్టె కోటిలోకి దిగుతుంది, కోడు పట్టె కింద వేలాడదు. ఇక్కడ దిగగొట్టడం కుదరదు గానీ, రెండంగుళాల చదరం టేకు దిమ్మని లోపలి మూలలో నిలబెట్టి, పట్టె పై అంచు దగ్గర నుంచి నేల దాకా వచ్చేలా కోయించి, రెండు పట్టెలకీ ఆరపార బోల్టులు వేయించవచ్చు. బోల్టు తల కింద వెడల్పు వాషర్ ఉండాలి, లేకపోతే తల పలకలోకి కూరుకుపోతుంది. ఉబ్బిన చోట కాకుండా బోల్టులు గట్టిగా ఉన్న చోట పడాలి. ఈ పని నువ్వు చెయ్యకు, కార్పెంటర్‌ని పిలువు.

కొలతల గురించి. మన దగ్గర దొరికే కోళ్ళకి ఎక్కువగా 8 మి.మీ. బోల్టే ఉంటుంది, షాపులో ఎమ్ ఎయిట్ అంటారు. అయినా పాత కోడు చేతిలో పట్టుకెళ్ళు. డాలస్‌లో మీ అక్కకి కూడా ఈ మాట చెప్పు. అక్కడి షాపుల్లో 5/16 అంగుళాల బోల్టులుంటాయి. లావు 7.94 మి.మీ., కంటికి రెండూ ఒకటే. కానీ 8 మి.మీ. బోల్టుకి మర చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.25 మి.మీ. ఉంటే, అంగుళాల దాంట్లో అంగుళానికి 18 చుట్లు, అంటే 1.41 మి.మీ. ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కి తర్వాత పట్టేస్తుంది. అక్కడ బలవంతం చేస్తే రెండు మరలూ పోతాయి.

ఎత్తు ఎంతన్నది నీ ఇష్టం. కాకపోతే పరుపు పైభాగం నేల నుంచి 18, 20 అంగుళాల మధ్య ఉంటే మీ అమ్మ వచ్చినప్పుడు మోకాళ్ళ నొప్పి లేకుండా కూర్చుని లేస్తుంది. పరుపు మందం తీసేసి లెక్క వేసుకో. కింద సూట్‌కేసులు పెట్టాలని పది అంగుళాల కోళ్ళు వెయ్యకు. కోడు పొడుగయ్యే కొద్దీ పక్కకి తోసినప్పుడు దాని మెడ మీద పడే ఒత్తిడి పెరుగుతుంది. ఆరు చాలు, చీపురు దూరుతుంది. చూడటానికి ఎలా ఉండాలన్నది నన్నడగకు, మీ పెద్దమ్మ నా టేస్టుని ఎప్పుడో కొట్టిపారేసింది.

లోహానివి తీసుకుంటే పౌడర్ కోటింగ్ ఉన్న ఇనుపవి చాలు. స్టెయిన్‌లెస్ స్టీల్ అని అమ్మితే 304 రకమా, 202 రకమా అడుగు. మా కాకినాడ సముద్రపు గాలికి 202కి తుప్పు చుక్కలు పడతాయి, హైదరాబాద్‌లో అంత భయం లేదు. కొందరు షాపువాళ్ళు అయస్కాంతం పెట్టి చూపించి ఇదిగో అసలు స్టీలు అంటారు. ఆ రెండిటికీ అయస్కాంతం పెద్దగా అంటదు కాబట్టి ఆ పరీక్షతో ఏది ఏదో తేలదు.

నువ్వు నాలుగు కాళ్ళన్నావు, అయిదోది మర్చిపోయావు. నడుమ దూలం కింద ఒక కోడు ఉంటుంది, వంగి చూడు. అయిదడుగుల వెడల్పు మంచంలో అడ్డపలకలు రెండు భాగాలుగా వచ్చి ఆ దూలం మీద ఆనుతాయి. కుడి సగంలో ఒకరు, ఎడమ సగంలో ఒకరు పడుకుంటే ఇద్దరి బరువులోనూ దాదాపు సగం దూలం మీదికే వస్తుంది. అంటే ఆ నడిమి కోడు మూల కోళ్ళ కన్నా ఎక్కువ మోస్తుంది. మంచం అమ్మేవాళ్ళు అన్నిటికన్నా సన్నటిది అక్కడే వేస్తారు, ఎవరికీ కనపడదు కదా. అది నేలకి ఆనకుండా గాలిలో ఉంటే దూలం వంగుతుంది, పరుపు గుంట పడుతుంది, నడుము నొప్పి అంటూ పరుపు కంపెనీని తిట్టుకుంటాం. మూల కోళ్ళ ఎత్తు మారిస్తే ఇదీ మారాలి. కింద మరతో ఎత్తు సర్దుకునేది కొను. మూలలన్నీ బిగించి, పలకలూ పరుపూ వేశాక, ఆఖర్న దీన్ని నేలకి ఆనేదాకా తిప్పు. కింద కాగితం దూర్చి లాగితే గట్టిగా రావాలి. అంతకన్నా ఎత్తితే మూలలు లేచి మంచం ఊగుతుంది, రాత్రిళ్ళు కిర్రుమంటుంది.

అడుగున ఏం అతికించాలన్నది చిన్న విషయంలా ఉంటుంది గానీ మన ఇళ్ళలో కాదు. ప్యాకెట్‌లో వచ్చే ఉన్ని బిళ్ళలు పొడిగా ఊడ్చుకునే ఇళ్ళకి సరిపోతాయి. రోజూ తడిగుడ్డ పెట్టే నేల మీద అవి నీళ్ళు పీల్చుకుని కోటిని నానబెడతాయి, వారానికి ఊడిపోతాయి. కోటి అడుగున వేసే నైలాన్ బిళ్ళలు, అదే బుష్‌లు, వేయించు. కర్ర కోడైతే బుష్ వేసే ముందు అడుగుకి వార్నిష్ రెండు పూతలు పట్టించు, నీళ్ళు పైకి పాకేది అక్కడి నుంచే.

బిగించేటప్పుడు కోటికీ పలకకీ మధ్య స్ప్రింగ్ వాషర్ వెయ్యి. చేత్తో ఆగేదాకా తిప్పి, ఆపైన పావు చుట్టు చాలు. రెండు వారాల తర్వాత ఒకసారి, మళ్ళీ వానాకాలం మొదట్లో ఒకసారి చేత్తో తిప్పి చూసుకో. ఊడ్చేటప్పుడు మంచం లాగొద్దని పనమ్మాయికి నెమ్మదిగా చెప్పు. నీ ఎడమ కోడు వాలిపోవడంలో తడికి ఎంత వాటా ఉందో, ఆ లాగుడుకీ అంతే ఉంటుంది.

ఇల్లు మారేటప్పుడు కోళ్ళు విప్పి వేరే సంచిలో వేసుకో. విప్పేలా చేసిందే అందుకు. 1956లో ఐకియాలో పనిచేసే గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఆయన టేబుల్ కారులో పట్టక కాళ్ళు విప్పేశాడని, ఈ విడిభాగాల ఫర్నిచర్ అమ్మకం అక్కడే ఊపందుకుందని చెబుతారు. ప్యాకర్లు మాత్రం విప్పమన్నా విప్పరు, అలాగే ఈడుస్తారు.

మంచం ఇంకా వారంటీలో ఉంటే ప్లై కోయించే ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యి. బిగింపు బుక్కులో ప్రతి భాగానికీ నంబరుంటుంది, ఆ నంబరు చెబితే త్రికోణం పలక విడిగా ఇస్తారేమో అడుగు. మనం కొత్త బెజ్జం వేశాక వాళ్ళు పట్టించుకోకపోవచ్చు.

త్రికోణం విప్పాక పట్టె చివర ఫోటో ఒకటి పంపు. పక్కన స్కేలు పెట్టి, లైటు పక్క నుంచి పడేలా తియ్యి, ఉబ్బు ఎంతవరకు పాకిందో తెలుస్తుంది. అది చూశాకే ప్లైతో సరిపోతుందో, టేకు దిమ్మ కావాలో చెబుతాను. అందాకా పరుపు నేల మీద వేసుకుని పడుకోండి.

ఇట్లు,
మీ పెదనాన్న