చివరి రోజు దాకా ఉండనివ్వండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే విషయం. గల్ఫ్‌లో, సింగపూర్‌లో ఇంటర్నేషనల్ స్కూళ్లలో చదివే మన పిల్లలకు ఏడాది అయిపోతోంది. కొందరు దేశం మారుతున్నారు, కొందరు బోర్డు మారుతున్నారు, కొందరు ఉన్నచోటే ఉండి స్నేహితుల్ని సాగనంపుతున్నారు. దుబాయ్‌లో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో పదహారేళ్లు టీచర్‌గా పనిచేశాను కాబట్టి ఈ జూన్ నెల హడావిడి నాకు బాగా తెలుసు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

అక్కా, మావారికి హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ అయింది. స్కూలు జులై మొదటి వారం దాకా ఉంది కానీ అప్పటికి టికెట్ల రేట్లు మండిపోతాయని జూన్ 18కే బుక్ చేశాం. పరీక్షలు అయిపోయాయి, ఇక క్లాసులేం జరగవు కదా అనుకున్నాం. ముందే చెప్తే చదువు పాడవుతుందని బాబుకి టికెట్లు తీశాకే చెప్పాం. మూడు రోజుల నుంచి వాడు సరిగ్గా అన్నం తినడం లేదు, మాతో మాట్లాడటం లేదు. వాడికి పదకొండేళ్లు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, దుబాయ్

చెల్లీ, టికెట్ మార్చుకునే వీలుంటే మార్చుకోండి. అదనంగా అయ్యే డబ్బు ఎంతో లెక్క చూసుకుని, ఇంట్లో ఇంకేదైనా ఖర్చు తగ్గించి అయినా సరే.

క్లాసులేం జరగవన్న మాట నిజమే. కానీ ఆ రెండు వారాల్లో జరిగేవి చాలా ఉన్నాయి. గోడల మీద ఏడాదంతా అతికించిన బొమ్మలు తీసి ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తారు, లాకర్లు ఖాళీ చేస్తారు, లైబ్రరీ పుస్తకాల లెక్క తేలుతుంది. వెళ్లిపోతున్న టీచర్లను అసెంబ్లీలో పేరుపేరునా స్టేజీ మీదికి పిలుస్తారు, ఈ స్కూళ్లలో చాలామంది టీచర్లు రెండు మూడేళ్ల కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లే, అందుకని ఏటా కొందరు వెళ్తూనే ఉంటారు. ఆఖరి రోజున పిల్లలు యూనిఫాం చొక్కాల మీద మార్కర్లతో ఒకళ్లకొకళ్లు సంతకాలు పెట్టుకుంటారు. ఆ చొక్కా మళ్లీ వేసుకునేది లేదు, ఉతికేది అంతకన్నా లేదు, అలాగే మడిచి పెట్టెలో దాచుకుంటారు. మీ వాడు మూడు రోజుల నుంచి తలుచుకుంటున్నది ఈ చొక్కానే అయి ఉండొచ్చు, అడిగి చూడండి.

మా స్కూల్లో జూన్ ఆఖర్లో కారిడార్‌లో ఒక పొడుగాటి బల్ల వేసి ఏడాదంతా దొరికిన వస్తువులన్నీ పరిచేవాళ్లం. నీళ్ల సీసాలు, స్వెటర్లు, ఒంటి బూటు, ఈత కళ్లద్దాలు. ఒక ఏడాది వాటి మధ్యలో చిన్న స్టీలు డబ్బా ఉంది, దాని మూత మీద చుక్కలు చుక్కలుగా తెలుగులో చెక్కిన ఒక పేరు. మన ఇళ్లలో గిన్నెల మీద చెక్కిస్తాం చూడండి, అలాగ. అక్కడ ఆ పేరు చదవగలిగేది నేనొక్కదాన్నే, కానీ డబ్బా ఎవరిదో నాకన్నా ముందు గుర్తుపట్టింది ఒక ఈజిప్టు పిల్లాడు. రోజూ అందులో తెచ్చిన జంతికలు ఇద్దరూ కలిసి తినేవాళ్లట. డబ్బా రెండు చేతులతో పట్టుకుని, వాడు ఎప్పుడొస్తాడు మిస్ అని అడిగాడు. ఆ తెలుగు పిల్లాడు అప్పటికి పది రోజుల ముందే ఇండియా వెళ్లిపోయాడు, మీలాగే టికెట్ల రేట్ల కోసం. వెళ్లేవాడికే ముందు రోజు రాత్రి తెలిసింది, ఇంక స్నేహితుడికి ఎలా చెప్తాడు? డబ్బా మీద ఉన్నది వాళ్ల నాయనమ్మ పేరని తర్వాత వాళ్లమ్మ ఫోన్‌లో చెప్పింది. కొరియర్‌లో పంపించాం కానీ ఆ ఈజిప్టు పిల్లాడికి పంపడానికి నా దగ్గర ఏమీ లేదు.

మేమూ ఈ పని చేశాం. మస్కట్ నుంచి దుబాయ్ మారినప్పుడు మా అమ్మాయిని స్కూలు మూసేయడానికి ఐదు రోజుల ముందే తీసుకొచ్చేశాం. ఇప్పుడు దానికి ఇరవై ఆరేళ్లు, ఈమధ్య కూడా ఏదో మాటల్లో, ఆ క్లాస్ ఫొటోలో నేను లేను కదమ్మా అంది. నా దగ్గర జవాబు లేదు.

టికెట్ మార్చడం కుదరకపోతే, రేపే క్లాస్ టీచర్‌కి మెయిల్ పెట్టండి, 17వ తేదీ మా వాడికి ఆఖరి రోజు అని. చాలామంది టీచర్లు ఆ రోజు ఒక అరగంట వాడి కోసం తీసిపెడతారు. యూనిఫాం చొక్కా వేరే ఒకటి బ్యాగులో పెట్టి పంపండి, సంతకాలు ఆ రోజే పెట్టించుకుంటాడు. విదేశాల్లో పెరిగే పిల్లలతో ఎన్నో ఏళ్లు పనిచేసిన డేవిడ్ పొలాక్ అనే అమెరికన్ ఊరు మారడాన్ని తెప్ప కట్టుకోవడంతో పోల్చారు. తెప్పకు నాలుగు దుంగలు కావాలన్నారు. గొడవపడినవాళ్లతో సర్దుకోవడం, మేలు చేసినవాళ్లకు ఆ మాట చెప్పడం, మనుషులకీ చోట్లకీ కూడా వెళ్లొస్తానని చెప్పడం, వెళ్లే చోటు ఎలా ఉంటుందో ముందే ఆలోచించుకోవడం. మన ఇళ్లలో నాలుగోది ఒక్కటే చేస్తాం, హైదరాబాద్‌లో ఏ స్కూలు, ఏ ఫ్లాటు అని. మొదటిది అసలు గుర్తే రాదు. మీ వాడు ఈ ఏడాది ఎవరితోనైనా మాట్లాడటం మానేశాడేమో కనుక్కోండి, ఆ పిల్లాణ్ణి కూడా ఒక సాయంత్రం ఇంటికి పిలవండి.

ముందు చెప్పకపోవడం గురించి అంటే, వాడికి సారీ చెప్పండి. మీరూ, మీవారూ కూర్చుని, నీకు ముందే చెప్పాల్సింది నాన్నా, చెప్పలేదు, తప్పు మాదే అనండి. అన్నం సంగతి ఆ తర్వాత చూద్దాం.

మేడమ్, మా అమ్మాయి అబుదాబిలో ఇయర్ 11 అయిపోయి ఐజీసీఎస్‌ఈ పరీక్షలు రాసింది. హైదరాబాద్‌లో ఇంటర్ ఎంపీసీలో చేర్చాలి. కాలేజీవాళ్లు పదో తరగతి మెమో తెమ్మంటున్నారు, ఇయర్ 11 అంటే పదకొండు కదా అని కూడా అంటున్నారు. రిజల్ట్స్ ఇంకా రాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, అబుదాబి

బ్రిటిష్ స్కూళ్లలో ఇయర్ నంబరులోంచి ఒకటి తీసేస్తే మన తరగతి వస్తుంది. ఇయర్ 11 అంటే మన పదో తరగతే, ఐజీసీఎస్‌ఈ ఆ స్థాయి పరీక్షే. ఇది మీ స్కూలు లెటర్‌హెడ్ మీద రాయించి తెచ్చుకోండి, నోటితో చెప్తే ప్రతి కౌంటర్ దగ్గరా మళ్లీ మొదటికొస్తుంది.

మీ అసలు ఇబ్బంది తేదీలది. మే, జూన్‌లో రాసిన ఐజీసీఎస్‌ఈకి ఫలితాలు ఆగస్టులో వస్తాయి, ఇక్కడ ఇంటర్ క్లాసులు జూన్‌లోనే మొదలైపోతాయి. (ఈ పరీక్షలు పెట్టే కేంబ్రిడ్జి బోర్డుకు చెందిన ఇండియా స్కూళ్లకు మార్చి పరీక్షలు కూడా ఉన్నాయి, వాటి ఫలితాలు మేలో వచ్చేస్తాయి, మీకు ఆ వీలు లేదు.) కాబట్టి పరీక్షలు రాసినట్టు స్కూలు ఇచ్చే లెటర్, గత రెండేళ్ల రిపోర్టులు పెట్టి తాత్కాలికంగా చేర్చుకుంటారేమో అడగండి. ఒప్పుకుంటే అది కాగితం మీద ఇమ్మనండి. రిజల్ట్స్ వచ్చాక భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ, ఇచ్చే ఈక్వలెన్స్, ఇంటర్ బోర్డు ఇచ్చే ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ చూసుకోవాలి. ఏఐయూ పదో తరగతికి సమానమని చెప్పడానికి కనీసం ఐదు సబ్జెక్టుల్లో సి గానీ అంతకన్నా మంచి గ్రేడ్ గానీ ఉండాలి.

ఇక పేరు. ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మన ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకలా, స్కూలు రికార్డులో ఒకలా, జనన ధ్రువపత్రంలో పొడి అక్షరాల్లో ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్లో పడ్డ పేరే మన దేశంలో జీవితాంతం వెంట వస్తుంది. పరీక్షల ముందు అమ్మాయికి ఇచ్చిన స్టేట్‌మెంట్ ఆఫ్ ఎంట్రీ మీద పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం పోల్చి చూడండి, తేడా ఉంటే స్కూలు ఆఫీసు తెరిచి ఉండగానే సరిచేయించండి. జులై నడిమికి అక్కడ ఫోన్ ఎత్తే మనిషి దొరకడం కష్టం. టీసీ, దాని మీద వేయించాల్సిన ముద్రలు కూడా అంతే. అసలు సర్టిఫికెట్లు ఫలితాల తర్వాత కొన్ని వారాలకు గానీ స్కూలుకు చేరవు, మీ తరఫున తీసుకునే స్నేహితుడికి ఇప్పుడే రాతపూర్వకంగా అధికారం ఇచ్చి రండి.

ఇంకొక్క మాట, ఉత్తరం మొత్తంలో అమ్మాయికి ఎంపీసీ ఇష్టమో కాదో లేదు. హైదరాబాద్‌లో బ్రిటిష్ పద్ధతి ‘ఎ-లెవెల్స్’, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) చెప్పే స్కూళ్లూ ఉన్నాయి, వాటి ఫీజులు ఎక్కువే, మీకు కుదరకపోవచ్చు. కానీ పదకొండేళ్లు ఒక పద్ధతిలో చదివిన పిల్లను ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో పెట్టేముందు ఒక రోజు ఆ క్లాసులో కూర్చోబెట్టి చూపించి, తర్వాత ఆమె చెప్పేది వినండి.

అమ్మా, మా మనవడు సింగపూర్‌లో ఐబీ స్కూల్లో ఏడో క్లాసు. ఏడాది చివర రిపోర్టు కార్డు ఫోన్లో పంపారు. లెక్కల్లో 7కి 5, అంటే డెబ్బై ఒక్క శాతం. ర్యాంకు వేయలేదు. నేను ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. మా అబ్బాయి మాత్రం, బాగానే వచ్చింది నాన్నా అంటాడు. వీళ్లు నిజంగా చదువు చెబుతున్నారా?
– ఒక రిటైర్డ్ మాస్టారు, తెనాలి

మాస్టారూ, నమస్కారం. మీ అబ్బాయి చెప్పిందే నిజం. ఆ 5 అన్నది ఏడింట అయిదు వంతులు కాదు, శాతంలోకి మార్చకూడదు. 1 నుంచి 7 వరకు ఒక్కో అంకెకూ ఒక వర్ణన ఉంటుంది, పిల్లాడు ఏం అర్థం చేసుకున్నాడు, ఎంత సొంతంగా చేయగలడు అని. 5 అంటే మంచి పట్టు ఉందని. ఇదే అంకెలు పై క్లాసుల్లోనూ ఉంటాయి. చివరి రెండేళ్ల డిప్లొమాలో ఆరు సబ్జెక్టులకు 42, నాలుగు వేల పదాల వ్యాసానికీ, జ్ఞానం అంటే ఏమిటని ఆలోచించే మరో కోర్సుకూ కలిపి 3, మొత్తం 45. డిప్లొమా రావాలంటే కనీసం 24 ఉండాలి. శాతం వేస్తే 53 వస్తుంది, మీకు నచ్చదని తెలుసు, కానీ ఆ 24తో డిప్లొమా వచ్చినవాణ్ణి మన దేశంలో పన్నెండు పూర్తిచేసినట్టే లెక్కిస్తారు.

ర్యాంకు వాళ్లు వేయరు, అడిగినా చెప్పరు. అంతకన్నా మీకు పనికొచ్చేది అదే రిపోర్టులో అంకె పక్కన టీచరు రాసిన నాలుగు వాక్యాలు. అవి మీ అబ్బాయితో చదివించుకోండి. ఎక్కడ ఆగిపోతున్నాడో అందులో ఉంటుంది. ఈ సెలవుల్లో వాడు తెనాలి వస్తే ఆ ఆగిపోయిన చోటు నుంచి మీరు మొదలుపెట్టొచ్చు, మీకన్నా ఎవరు బాగా చెప్తారు? ఎన్ని మార్కులు అని కాకుండా, ఈ ఏడాది నీకు నచ్చిన లెక్క ఒకటి నాకు చేసి చూపించరా అని అడగండి. ఆ స్కూళ్లలో పిల్లలకు నిలబడి వివరించడం బాగా అలవాటు, ప్రైమరీ ఆఖరి ఏడాదిలో వాళ్లే ఒక సమస్య ఎంచుకుని వారాల తరబడి పనిచేసి తల్లిదండ్రుల ముందు ఎగ్జిబిషన్ పెట్టాలి. ఆ వీడియో ఉంటే పంపమనండి.

టీచర్లకు ఏడాది చివర ఏం ఇవ్వాలి? తోటి తల్లులం కలిసి బంగారు నాణెం ఇద్దామనుకుంటున్నాం.
– ఒక తల్లి, షార్జా

వద్దండి. ఖరీదైన బహుమతులు చాలా స్కూళ్లు టీచర్లను తీసుకోనివ్వవు, తిరిగి ఇవ్వలేక వాళ్లు ఇబ్బంది పడతారు. పిల్లలు సొంత చేత్తో రాసిన కాగితాలన్నీ కలిపి కుట్టి ఇవ్వండి. నా దగ్గర అలాంటివి ఇప్పటికీ తొమ్మిదున్నాయి.

బహ్రెయిన్ నుంచి హైదరాబాద్ వచ్చేస్తున్నాం, బాబు తొమ్మిదిలో చేరాలి. ఐబీ స్కూలైతే తెలుగు ఉండదనుకుంటే అక్కడా తప్పనిసరి అంటున్నారు. వాడికి మాట్లాడటం వచ్చు, చదవడం రాదు.
– ఒక తల్లి, మనామా

నిజమే. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం అన్ని బోర్డుల స్కూళ్లలోనూ తెలుగు నేర్పాలి. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఐబీ లాంటి బోర్డుల్లో తొమ్మిది, పది తరగతులకు ఇంతకుముందున్న పుస్తకం బదులు ‘వెన్నెల’ అనే సులువైన వాచకం పెట్టాలని 2025లో ప్రభుత్వం చెప్పింది, కాబట్టి మరీ భయపడకండి. మాట వచ్చిన పిల్లలకు అక్షరాలు, గుణింతాలు త్వరగానే వస్తాయి, ఆగేది ఒత్తుల దగ్గర. రోజుకు ఇరవై నిమిషాలు, వాడు రోజూ అనే మాటలే రాసి చూపించండి. అమ్మమ్మ, అన్నం, చెప్పు, వస్తున్నా. వచ్చాక బస్సు బోర్డులు, దుకాణాల పేర్లు చదివించండి.

ఆంటీ, నాకు పదమూడేళ్లు. నేను ఎక్కడికీ వెళ్లట్లేదు. నా బెస్ట్ ఫ్రెండ్ కొరియా వెళ్లిపోతోంది. మూడేళ్లలో ఇది మూడోసారి. అమ్మ కొత్త ఫ్రెండ్స్ వస్తారులే అంటుంది. ఇక ఎవరితోనూ ఫ్రెండ్‌షిప్ చేయకూడదనుకుంటున్నా.
– దోహా నుంచి

తల్లీ, మూడేళ్లలో మూడుసార్లు అంటే చాలా ఎక్కువ. నీకు కోపం వచ్చిందంటే అందులో తప్పేం లేదు. అందరూ వెళ్లేవాళ్లకు పార్టీలు ఇస్తారు, ఉండిపోయేవాళ్లను ఎవరూ అడగరు. ఆగస్టు చివర్లో స్కూలు తెరిచాక అదే బస్సు, అదే సీటు, పక్కన ఆమె ఉండదు. అది వెళ్లేవాళ్ల బాధకన్నా చిన్నదేం కాదు. అమ్మకి ఈ పేజీ చూపించు, కొత్త ఫ్రెండ్స్ మాట కొన్నాళ్లు ఆపమన్నానని చెప్పు.

మీలాంటి పిల్లలకు ఒక పేరు కూడా ఉంది, థర్డ్ కల్చర్ కిడ్స్ అని. ఆ పేరు పెట్టిన రూత్ యూసీమ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లలో మన ఇండియాకే వచ్చి, ఇక్కడ ఉంటున్న అమెరికన్ కుటుంబాలను చూసి దీని గురించి ఆలోచించడం మొదలుపెట్టారు. ఒక చోట పుట్టి ఇంకో చోట పెరిగే పిల్లలకు మనుషులు దూరమవడం పదే పదే జరుగుతుందని అప్పటినుంచీ చాలామంది గమనించారు. నీ ఒక్కదానికే ఏదో లోపం ఉండి అందరూ వెళ్లిపోవడం లేదు, అది మాత్రం నమ్ము.

ఫ్రెండ్‌షిప్ చేయాలా వద్దా అన్నది ఆగస్టులో చూసుకో, ఇప్పుడు తేల్చకు. ముందు ఈ ఫ్రెండ్ సంగతి చూద్దాం. ఆమె వెళ్లేలోగా మీ ఇద్దరికీ ఇష్టమైన చోటికి ఒకసారి వెళ్లండి, క్యాంటీన్ వెనక మెట్లయినా సరే. ఎప్పుడైనా మాట్లాడుకోవచ్చులే అని వదిలేయకుండా, ఫోన్‌కి ఏ రోజు, ఏ టైమో కూడా ఇప్పుడే అనుకోండి. నీకు శుక్ర, శనివారాలు సెలవు, ఆమెకు శని, ఆదివారాలు. ఇద్దరికీ కలిసేది శనివారం ఒక్కటే. కొరియా మీకన్నా ఆరు గంటలు ముందు. నీకు మధ్యాహ్నం రెండయితే ఆమెకు రాత్రి ఎనిమిది, అన్నాలు అయిపోయి ఉంటాయి.